అమెరికా, కెనడాల్లో నేచురోపతిక్ డాక్టర్ కోర్సు: దరఖాస్తు విధానం

మన దగ్గర ప్రకృతి వైద్యం అనగానే మట్టిపట్టీలు, తొట్టి స్నానాలు, ఉపవాసం, ఉప్పులేని వంటలు గుర్తొస్తాయి. ఇంటర్ బైపీసీ తర్వాత ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) పూర్తి చేసి ఆ వైద్యంలోకి వస్తారు. అమెరికా, కెనడాల్లో దారి వేరు. అక్కడ ముందు ఒక డిగ్రీ ఉండాలి. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఎన్‌డీ, అంటే నేచురోపతిక్ డాక్టర్ కోర్సు చదవాలి. అనాటమీ, పాథాలజీ, ఫార్మకాలజీ, ల్యాబ్ పరీక్షల వంటి వైద్య పాఠాలకు పోషకాహారం, మూలికా వైద్యం, జలచికిత్స, హోమియోపతి తోడవుతాయి. వీటిలో అన్నింటికీ ఒకే స్థాయిలో శాస్త్రీయ ఆధారాలు లేవు. హోమియోపతి మీద ఉన్న అభ్యంతరాలు తెలిసినవే. చేరాక ఆశ్చర్యపోవడం కంటే, సిలబస్ అంతా ముందే చదివి, ఇది మనసుకు నచ్చే చదువేనా అని తేల్చుకోవడం మేలు.

దరఖాస్తు సంగతి ఎత్తగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘ఏ కాలేజీ మంచిది?’ అని. నన్నడిగితే దానికంటే ముందు తేలాల్సినది మరొకటి ఉంది: చదువు అయ్యాక ఏ రాష్ట్రంలో స్థిరపడతారు? ఎందుకంటే అమెరికాలో నేచురోపతిక్ వైద్యులకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వాలే. సుమారు సగం రాష్ట్రాల్లో ఆ చట్టమే లేదు. ఒరెగాన్ 1927 నుంచే లైసెన్సులు ఇస్తోంది. వాషింగ్టన్, అరిజోనా, కాలిఫోర్నియా, మేరీల్యాండ్, మిన్నెసోటా వంటి చోట్ల లైసెన్సో, రిజిస్ట్రేషనో ఉంది. కానీ తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్, న్యూజెర్సీలలో ఎన్‌డీలకు లైసెన్సు లేదు. డాలస్‌లో ఇల్లు, భర్త ఉద్యోగం, పిల్లల బడి అన్నీ కుదిరాక ఒక గృహిణి నాలుగేళ్లు ఎన్‌డీ చదివితే, సొంత ఊళ్లో ఆమె వైద్యురాలిగా ప్రాక్టీసు పెట్టలేదు. కుటుంబమంతా తరలివెళ్లగలదా అన్నది దరఖాస్తు ఫీజు కట్టకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

లైసెన్సు ఉన్న రాష్ట్రాలన్నీ ఒకేలా ఉండవు. వాషింగ్టన్, ఒరెగాన్, అరిజోనాలలో ఎన్‌డీలు అనేక రకాల అల్లోపతి మందులు కూడా రాయవచ్చు. కనెక్టికట్‌లో ఆ అధికారం లేదు. యూటాలో లైసెన్సు కావాలంటే కోర్సు తర్వాత ఒక ఏడాది రెసిడెన్సీ (సీనియర్ల పర్యవేక్షణలో శిక్షణ) కూడా చేయాలి. మీరు ఎంచుకున్న రాష్ట్రపు లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఈ నిబంధనలన్నీ ఉంటాయి. దళారీ మాటో, కాలేజీ ప్రచారపత్రమో కాదు, ఆ పేజీనే ప్రమాణంగా పెట్టుకోండి.

గుర్తింపు ఉన్న కాలేజీయేనా?

నేచురోపతిక్ వైద్య విద్యకు గుర్తింపు ఇచ్చే సంస్థ కౌన్సిల్ ఆన్ నేచురోపతిక్ మెడికల్ ఎడ్యుకేషన్. 1978లో ఏర్పడింది. పొట్టిగా సీఎన్‌ఎంఈ అంటారు. అమెరికా విద్యాశాఖ గుర్తించిన సంస్థ ఇది. దీని లెక్క ప్రకారం కోర్సులో కనీసం 4,100 గంటల బోధన, అందులో కనీసం 1,200 గంటల క్లినికల్ శిక్షణ ఉండాలి. రోగిని ముట్టుకుని చూడడం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే రాదు. అందుకే పూర్తిగా ఆన్‌లైన్‌లో ఎన్‌డీ పట్టా ఇస్తామనే ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగిపోండి. అలాంటి పట్టాతో లైసెన్సు పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంటర్నెట్‌లో ఇలాంటి ప్రకటనలకు కొదవ లేదు. డాలర్లలో కట్టిన డబ్బు, వెచ్చించిన ఏళ్లు రెండూ పోతాయి.

గుర్తింపు ఉన్న కాలేజీలు ఉత్తర అమెరికా మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోని నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ నేచురల్ మెడిసిన్ 1956 నాటిది, ఉన్నవాటిలో పాతది. వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన బాస్టిర్ యూనివర్సిటీ, అరిజోనాలోని టెంపీలో సోనోరన్ యూనివర్సిటీ, టొరంటోలోని కెనడియన్ కాలేజ్ ఆఫ్ నేచురోపతిక్ మెడిసిన్ మిగతావాటిలో పేరున్నవి. కోర్సులు మూతపడడమూ ఉంది. కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ యూనివర్సిటీ ఒకప్పుడు ఎన్‌డీ కోర్సు నడిపి, తర్వాత ఆపేసింది. కాబట్టి పాత వ్యాసాల్లోని జాబితాలు నమ్మకుండా, దరఖాస్తు చేసే రోజున సీఎన్‌ఎంఈ వెబ్‌సైట్‌లో ఉన్న జాబితానే చూడండి. ఆ కాలేజీ మీద ఏవైనా షరతులు ఉన్నాయా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

అర్హత

బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. ఏ సబ్జెక్టులో అన్నది పెద్దగా పట్టించుకోరు. కానీ జీవశాస్త్రం, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ వంటి పేపర్లు కాలేజీ స్థాయిలో చదివి ఉండాలి. కొన్నింటికి ల్యాబ్ కూడా తప్పనిసరి. అమెరికాలో మెడిసిన్ సీటుకు రాసే ఎంక్యాట్ పరీక్ష రాయాల్సిన పనిలేదు.

మన వాళ్లకు చిక్కులొచ్చేది ఇక్కడే. బీటెక్ చేసినవారికి గణితం, ఫిజిక్స్ ఉంటాయి, జీవశాస్త్రం ఉండదు. ఇంటర్ ఎంపీసీలో చదివిన కెమిస్ట్రీ ఇక్కడ లెక్కలోకి రాదు. అమెరికాలో ఉన్నవారు దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు సెమిస్టర్లు ఈ పేపర్లు పూర్తి చేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, సాయంత్రం తరగతులూ దొరుకుతాయి. ఏ కోర్సు చెల్లుతుందో ఎన్‌డీ కాలేజీ అడ్మిషన్ల వారికి ముందే ఈమెయిల్ రాసి, జవాబు చేతిలో పెట్టుకున్నాకే చేరండి. బీఎస్సీ బీజెడ్‌సీ వారికి సబ్జెక్టుల బాధ లేదు. వారికి ఎదురయ్యేది మూడేళ్ల డిగ్రీ ప్రశ్న. మన మూడేళ్ల పట్టాను నాలుగేళ్ల అమెరికన్ డిగ్రీకి సమానంగా కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవు. ఎమ్మెస్సీ కూడా ఉంటే ఇబ్బంది తగ్గుతుంది. పదిహేనేళ్ల కిందట చదివిన సైన్సు పేపర్లను తిరిగి చదవమనే కాలేజీలూ ఉన్నాయి.

ఎన్‌డీక్యాస్‌లో దరఖాస్తు

ఎన్‌డీ కాలేజీల కోసం ఎన్‌డీక్యాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు సేవ ఉంది. ఒకే ఫారం నింపి ఒకటికి మించి కాలేజీలకు పంపుకోవచ్చు. మొదటి కాలేజీకి ఒక ఫీజు, ఆపైన ప్రతి అదనపు కాలేజీకి ఇంకొంత చెల్లించాలి. కొన్ని కాలేజీలు తమకంటూ వేరే ప్రశ్నలు జోడిస్తాయి.

ఖాతా తెరవగానే వచ్చే పేరు గడి దగ్గరే కాసేపు ఆగండి. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. డిగ్రీ మెమోలో అది ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఉంటుంది. పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరి ఉండవచ్చు. దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాసి, మిగతా రూపాలన్నీ ‘ఇతర పేర్లు’ అనే చోట తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మార్కుల పత్రం మీదేనని పోల్చుకోలేక పక్కన పెట్టేస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. వీలైతే దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

తర్వాత చదువు వివరాలు. అమెరికా, కెనడాలలో చదివిన ప్రతి పేపరునూ, దాని గ్రేడునూ మీరే ఎక్కించాలి. మధ్యలో మానేసినవి, తప్పినవి కూడా దాచకూడదు. వాళ్లు ట్రాన్‌స్క్రిప్టుతో సరిపోల్చి చూస్తారు. ఆ ట్రాన్‌స్క్రిప్టు నేరుగా కాలేజీ రిజిస్ట్రార్ నుంచే వెళ్లాలి. మీరు స్కాన్ చేసి పెట్టింది చెల్లదు. భారతదేశంలో చదివినవారు విదేశీ చదువులను అమెరికా లెక్కలో తూచి చెప్పే డబ్ల్యూఈఎస్, ఈసీఈ వంటి సంస్థల ద్వారా పేపరు పేపరుకూ మూల్యాంకనం చేయించాలి. మొత్తం డిగ్రీకి మాత్రమే సమానత చెప్పే చౌక రకం సరిపోదు. ఎన్‌డీ కాలేజీ చూసేది ఏ సబ్జెక్టులు చదివారన్నదే కదా. ఏ సంస్థ నివేదిక ఒప్పుకుంటారో ముందే అడగండి.

ఈ పనిలో అసలు ఆలస్యం జరిగేది మన విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాల్లో. మార్కుల మెమోలు, ప్రొవిజనల్, కాన్వొకేషన్ పట్టా అన్నీ ఉంటేనే ట్రాన్‌స్క్రిప్టు దరఖాస్తు ముందుకు కదులుతుంది. కాన్వొకేషన్ పట్టా తీసుకోనివారు చాలామందే ఉంటారు. విదేశంలో ఉంటే ఊళ్లో ఉన్న అన్నయ్యకో, తమ్ముడికో అధికార పత్రం రాసిచ్చి పంపించాల్సి రావచ్చు. ఎన్‌డీక్యాస్ ఫారం తెరవడానికి చాలా నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. మిగతాదంతా మీ చేతిలో ఉంటుంది, ఇదొక్కటే ఉండదు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదవలేదనుకుంటే టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు కూడా అడుగుతారు.

సిఫారసు లేఖలు రాసేవారి పేరు, ఈమెయిల్ మీరు ఇస్తే చాలు. వారికి లింకు వెళ్తుంది, లేఖను వారే ఎక్కిస్తారు. ఎవరు రాయాలన్నది కాలేజీని బట్టి మారుతుంది. సాధారణంగా ఒక అధ్యాపకుడు, ఒక వైద్య వృత్తిలో ఉన్నవారు ఉంటే మంచిది. దగ్గరి బంధువైన డాక్టరు చేత రాయించకండి. మీ పని చూసిన మనిషి రాసిన నాలుగు వాక్యాలకే విలువ ఎక్కువ.

ఎందుకు ఈ చదువు అని రాసే వ్యాసం విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. మన దగ్గర వేల ఏళ్ల వైద్య సంప్రదాయం ఉందని మొదలుపెట్టే వ్యాసాలు ఎవరినీ కదిలించవు. మీరు స్వయంగా చూసింది రాయండి. అమ్మ షుగరును ఆహారంతో అదుపులో పెట్టిన తీరు, అక్కడ మందు కూడా ఎందుకు అవసరమైంది, అందులో మీకు అర్థం కానిదేమిటి. ఒక ఎన్‌డీ క్లినిక్‌లో అనుమతి తీసుకుని కొన్ని రోజులు పక్కన నిలబడి చూస్తే ఆ అనుభవమూ పనికొస్తుంది. ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు ఇదే. ఏ రోగిని వెంటనే ఆసుపత్రికి పంపించాలో తెలిసిన మనిషేనా అన్నది కూడా వాళ్లు గమనిస్తారు.

అన్నీ చేరాక ఎన్‌డీక్యాస్ సరిచూసి కాలేజీకి పంపడానికి కొన్ని వారాలు పడుతుంది. చాలా కాలేజీలు వచ్చిన దరఖాస్తులను వచ్చిన వరసలోనే చూస్తూ సీట్లు ఇస్తాయి కాబట్టి చివరి తేదీ దాకా ఆగడంలో లాభం లేదు.

డబ్బు, వీసా

ఇవి దాదాపు అన్నీ ప్రైవేటు కాలేజీలు. రాష్ట్ర నివాసికి తక్కువ, బయటివారికి ఎక్కువ అన్న తేడా ఉండదు. అమెరికాలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 30,000 డాలర్లు దాటుతుంది. నాలుగేళ్లకు లెక్కవేసి, ఆపైన ఎన్‌డీల ఆదాయం ఎంబీబీఎస్, ఎండీ చేసిన డాక్టర్ల ఆదాయంతో పోల్చదగ్గది కాదని గుర్తుపెట్టుకుని అప్పు సంగతి ఆలోచించండి.

భారతదేశం నుంచి వెళ్లేవారికి సీటు ఖరారయ్యాక కాలేజీ, విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇస్తుంది. అందుకు మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపాలి. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు కట్టి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా ఇంటర్వ్యూకు వెళ్లాలి. ఇప్పటికే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద అమెరికాలో ఉన్నవారు ఎఫ్-1కు మారకుండానే చదువుకోవచ్చు. కాకపోతే చదువయ్యాక జీతం తీసుకుని పని చేయాలంటే ఉద్యోగ అనుమతి కావాలి. 2015 నుంచి ఇస్తున్న ఆ అనుమతి, అంటే హెచ్-4 ఈఏడీ, భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వంటి మెట్టు దాటితేనే వస్తుంది. నాలుగేళ్ల తర్వాత మీ కుటుంబం ఏ దశలో ఉంటుందో ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడటం అవసరం.

పట్టా తర్వాత

లైసెన్సు పరీక్ష పేరు ఎన్‌ప్లెక్స్. రెండు భాగాలు. మొదటిది బయోమెడికల్ శాస్త్రాల మీద, సాధారణంగా రెండో ఏడాది ముగిశాక రాస్తారు. రెండోది క్లినికల్ అంశాల మీద, కోర్సు పూర్తయ్యాక. ఫార్మకాలజీ, మైనర్ సర్జరీ వంటి అదనపు పరీక్షలు కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి. ఫలితాలను మీరు కోరిన రాష్ట్ర బోర్డుకు నేరుగా పంపించాలి. రాష్ట్ర చట్టాల మీద చిన్న పరీక్ష పెట్టే బోర్డులూ ఉన్నాయి. అందుకే చదివే రోజుల్లోనే ఏ రాష్ట్రమో ఖాయం చేసుకోమనేది.

బీఎన్‌వైఎస్ చేసినవారికి

హైదరాబాద్ నేచర్ క్యూర్ కాలేజీలోనో, మరెక్కడో బీఎన్‌వైఎస్ చేసినవారు నేరుగా ఎన్‌ప్లెక్స్ రాయలేరు. దానికి సీఎన్‌ఎంఈ గుర్తింపు ఉన్న కోర్సు పూర్తి చేసి ఉండాలి. ఐదున్నరేళ్ల చదువు తర్వాత మళ్లీ నాలుగేళ్లా అన్న బాధ సహజమే. ఎన్‌డీ కాలేజీలో చేరినప్పుడు కొన్ని పేపర్ల నుంచి మినహాయింపు అడగవచ్చు. ఎంత ఇస్తారన్నది కాలేజీ ఇష్టం. అందుకు బీఎన్‌వైఎస్ సిలబస్ ప్రతిని, ఇంటర్న్‌షిప్ వివరాలను కాలేజీ ముద్రతో తీసుకుని ఉంచుకోండి.

కెనడాలోని అంటారియోలో మరో తలుపు ఉంది. అక్కడ నేచురోపతి చట్టం 2015 జూలై 1న అమల్లోకి వచ్చింది. కాలేజ్ ఆఫ్ నేచురోపత్స్ ఆఫ్ అంటారియో అనేది చదువు చెప్పే కాలేజీ కాదు, లైసెన్సు ఇచ్చే నియంత్రణ సంస్థ. గుర్తింపు లేని కోర్సు చేసినవారి చదువును, అనుభవాన్ని విడిగా పరిశీలించే విధానం ఆ సంస్థకు ఉంది. పీఎల్‌ఏఆర్ అంటారు. పత్రాల పరిశీలనతో మొదలై, ఇంటర్వ్యూ, నైపుణ్య ప్రదర్శన దాకా సాగుతుంది. సులువైన దారేమీ కాదు. అయినా పదేళ్లు రోగులను చూసిన బీఎన్‌వైఎస్ డాక్టరు మళ్లీ మొదటి ఏడాది తరగతిలో కూర్చోవడానికి ముందు ఈ సంస్థ వెబ్‌సైట్‌లో తన అర్హత చూసుకోవాలి. ఎంబీబీఎస్ వంటి డిగ్రీతో కెనడాకు వచ్చినవారి కోసం టొరంటో కాలేజీలో రెండేళ్ల బ్రిడ్జి కోర్సు విడిగా ఉంది.