గేమ్ కంపెనీకి ఉత్తరం, 4వ పాఠం: వెనక్కి వచ్చిన కవర్లు

ఈసారి కవరు మీద బొమ్మ వేయడం గురించి చెప్పుకోవాల్సింది. దాన్ని వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చదివి ఉత్తరాలు రాసినవాళ్ళలో చాలామంది తమ నకళ్ళు, వాటికి వచ్చిన జవాబులు నాకు పంపారు. జవాబులన్నిటిలోనూ ఉన్నది ఒకటే సంగతి: మీ అభిమానానికి సంతోషం, కానీ బయటినుంచి వచ్చే ఆలోచనలు మేం తీసుకోం, మీ ఉత్తరం తిప్పి పంపుతున్నాం. "నెల రోజులు కూర్చుని రాశానండీ, చదవను కూడా చదవలేదు" అని ఒకరు బాధపడ్డారు.

ఆ బాధ నాకు తెలుసు. పద్నాలుగేళ్ళప్పుడు ఒక కంపెనీకి ఆరు పేజీలు రాశాను. రెండు నెలలకు కవరు వచ్చింది. లోపల నా ఆరు పేజీలే ఉన్నాయి, నేను మడిచిన మడతలు మడిచినట్టే ఉన్నాయి. మొదటి పేజీకి మూడు లైన్ల అచ్చు చీటీ ఒకటి పిన్ను కొట్టి ఉంది. మొదటి పేజీ మూల కొద్దిగా నలిగింది, మిగతా ఐదు పేజీలూ కొత్తగా ఉన్నాయి. అంటే ఎవరో మొదటి పేజీ తెరిచారు, అక్కడే ఆగిపోయారు. ఎక్కడ ఆగారో ఇప్పుడు చెప్పగలను. ఆ పేజీ చివరి లైను "తర్వాతి భాగానికి నా దగ్గర ఒక మంచి కథ ఉంది" అని మొదలవుతుంది.

పోయిన పాఠంలో నేను "మనసులో ఉన్నదంతా రాయండి" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మనసులో ఉన్నదంతా రాస్తే ముందు నచ్చినవి వస్తాయి, తర్వాత నచ్చనివి వస్తాయి, ఆ వెనకే "ఇలా చేస్తే ఇంకా బాగుంటుంది" వచ్చేస్తుంది. ఉత్తరం ఆగిపోయేది అక్కడే. ఈ పాఠం మొత్తం దాని గురించే. తేదీ ఎక్కడ వేయాలి, కవరు ఎలా మడవాలి వగైరా మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ముందు కారణం తెలుసుకోండి. మీరు ఒక ఊహ రాసి పంపారు. అదే ఊహ ఆ కంపెనీలో ఎవరికో రెండేళ్ళ కిందటే వచ్చి ఉండొచ్చు, దాని మీద పని కూడా జరుగుతూ ఉండొచ్చు. గేమ్ బయటికొచ్చాక మీరు "ఇది నా ఆలోచనే, ఇదిగో నా ఉత్తరం" అంటే? మీరు అనరు. కానీ ఎవరో ఒకరు అంటారు, కోర్టుకు వెళ్తారు. అప్పుడు ఆ ఉత్తరాన్ని డిజైనర్లు చూడలేదని కంపెనీ చూపించాలి. అందుకే జపాన్‌కు చెందిన నింటెండోతో సహా పెద్ద గేమ్ కంపెనీలు బయటివాళ్ళు అడగకుండా పంపే ఆలోచనలు తీసుకోబోమని ముందే బాహాటంగా చెప్పేస్తాయి. ఉత్తరాలు తెరిచే మనిషికి మీ మీద కోపం లేదు. ఆలోచన కనిపించిన చోట చదవడం ఆపడం ఆ మనిషి ఉద్యోగంలో భాగం. తర్వాతి పేజీలో మీరు గుండె విప్పి రాసినా ఇక కళ్ళు అక్కడిదాకా వెళ్ళవు.

ఇప్పుడు నాకు వచ్చిన నకళ్ళలో ఒకటి చూద్దాం. 2017లో వచ్చిన నింటెండో గేమ్ 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' ఆడినవాళ్ళందరికీ అందులో వాన సంగతి తెలుసు. కొండ సగం ఎక్కాక వాన మొదలవుతుంది, రాయి తడుస్తుంది, గేమ్ హీరో లింక్ నాలుగు అడుగులు పైకి వెళ్ళి జర్రున కిందికి జారతాడు. ఈ పాఠకుడు రాసింది ఇది:

"మీ గేమ్ అద్భుతం. కానీ వాన చాలా విసిగిస్తుంది. వానలో జారకుండా ఉండే బూట్లు పెడితే బాగుంటుంది. తర్వాతి గేమ్‌లో తప్పకుండా పెట్టండి."

నాలుగు వాక్యాలు. మొదటిది ఏ గేమ్‌కైనా సరిపోతుంది. రెండోది ఫిర్యాదు, దానితో పేచీ లేదు. మూడోది, నాలుగోది ఆలోచనలు. ఈ ఉత్తరానికి అచ్చు చీటీ తప్ప ఇంకేం వస్తుంది? ఆయనతో మాట్లాడి, వానలో అసలేం జరిగిందో చెప్పమన్నాను. చెప్పింది చెప్పినట్టు రాయించాను:

"కొండ సగంలో ఉండగా వాన పట్టుకుంది. మూడుసార్లు జారాను. పక్కన రాయి ముందుకు పొడుచుకొచ్చిన చోటు కనిపిస్తే దాని కిందికి దూరాను. అక్కడ తడి లేదు. కట్టెలు వేసి నిప్పు రాజేసి, పక్కన కూర్చుని తెల్లారేదాకా ఆగాను. పొద్దున వాన వెలిసింది. పైకెక్కి చూస్తే లోయంతా కనిపించింది. వాన పడకపోతే నేను ఆ రాయి కింద ఎప్పటికీ ఆగేవాణ్ణి కాదు. మీ బృందంలో ఎవరికైనా ఇలా వానలో చిక్కుకోవడం ఇష్టమా?"

చూశారా? బూట్ల ఊసు లేదు. విసుగు మాత్రం ఉంది, "మూడుసార్లు జారాను" అన్నదాంట్లో. తెరిచినవాళ్ళు ఎక్కడా ఆగనక్కర్లేదు. చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషే "నాకూ ఇష్టమే" అని ఒక్క లైను రాయొచ్చు. నేను ఇన్నాళ్ళూ చెప్పాలనుకుంటున్నది ఇదే: కవరు తెరిచిన మనిషి తనంతట తాను జవాబు ఇవ్వగలిగేలా రాయండి.

ఆలోచన ఎన్ని వేషాలు వేసుకొస్తుందో కూడా చెప్పాలి. ఎందుకంటే మీలో కొందరు నేను వద్దంటానని ముందే ఊహించి దాన్ని దాచారు. దాచినా అది ఆలోచనే. "తర్వాతి భాగంలో రెండు గుర్రాలు ఉంటాయా?" అనేది ప్రశ్నలా ఉంటుంది, నిజానికి సలహా. "రెండు గుర్రాలు లేకపోవడం పెద్ద లోటు" అన్నా సలహాయే. "మా చెల్లి రెండు గుర్రాలు ఉంటే బాగుండేదంది" అన్నా అంతే, చెల్లి మీద పెట్టినంత మాత్రాన మారదు. తా.క. కింద రాసినా మారదు. పైగా తా.క. అందరికంటే ముందు కళ్ళబడుతుంది. సొంతంగా కల్పించిన పాత్ర బొమ్మ వేసి పంపడం అన్నిటికన్నా పెద్ద వల, ఎందుకంటే బొమ్మ ఒక్క చూపులో చదివేసినట్టే. వాళ్ళ గేమ్‌లో ఉన్న పాత్రను మీ చేత్తో వేసి పంపండి, అది అభిమానం. కొత్త పాత్రను కల్పించి పంపకండి. ఈ తేడా దగ్గర నేను రాజీపడను.

మరి ఆలోచనలు పంపి గెలిచినవాళ్ళు లేరా? ఉన్నారు, కంపెనీ తలుపు తీసి పిలిచినప్పుడు. క్యాప్‌కామ్ కంపెనీ తన మెగా మ్యాన్ గేమ్‌లకు (జపాన్‌లో వీటిని రాక్‌మ్యాన్ అంటారు) 1988లో వచ్చిన రెండో భాగం నుంచి బాస్ పాత్రల, అంటే ఒక్కో దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువుల, పోటీలు పెట్టింది. పిల్లలు బొమ్మలు గీసి పంపేవాళ్ళు. ఇప్పుడు 'వన్ పంచ్ మ్యాన్' మాంగా (జపాన్ బొమ్మల కథ) గీసే యూసుకే మురాటా చిన్నప్పుడు ఆ పోటీలో రెండుసార్లు గెలిచాడు: నాలుగో భాగంలో డస్ట్ మ్యాన్, ఐదో భాగంలో క్రిస్టల్ మ్యాన్ ఆయన గీసినవే. ఆరో భాగం పోటీ ఉత్తర అమెరికా పిల్లలకూ తెరిచారు, నైట్ మ్యాన్, విండ్ మ్యాన్ అక్కడినుంచే వచ్చాయి. పోటీకి నియమాలుంటాయి, బొమ్మ హక్కులు ఎవరివో అందులోనే రాసి ఉంటుంది, అందుకే వాళ్ళు నిశ్చింతగా కవరు తెరుస్తారు. మీ దగ్గర నిజంగా మంచి ఆలోచన ఉంటే నోటుపుస్తకంలో రాసి దాచుకోండి. పోటీ ప్రకటన వచ్చిన రోజు బయటికి తీయండి.

అభిమాని అడిగింది కంపెనీ తేలిగ్గా ఇవ్వగలిగేదైతే జవాబు దానంతటదే వస్తుంది. దీనికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీ. 1980ల మొదట్లో టీవీకి తగిలించుకునే అటారీ 2600 గేమ్ యంత్రం మీద ఆడేవాళ్ళు ఆ కంపెనీ గేములైన పిట్‌ఫాల్‌లో 20,000 పాయింట్లు, రివర్ రెయిడ్‌లో 15,000 పాయింట్లు దాటితే టీవీ తెరను ఫోటో తీసి పంపేవాళ్ళు. కంపెనీ అభినందిస్తూ ఉత్తరం రాసి, చొక్కాకు కుట్టుకునే బ్యాడ్జీ జత చేసేది. అభిమాని పంపేది ఒక్క ఫోటో, అడిగేది ఒక్క బ్యాడ్జీ. బల్లకు అవతల ఉన్న మనిషి చేయాల్సింది అంకె చూడటం మాత్రమే. ఆ రోజుల్లో చీకటి గదిలో ఫ్లాష్ ఆపి తెరను ఫోటో తీయడం, రీలు కడిగించేదాకా అంకె పడిందో లేదో తెలియక ఎదురుచూడటం, అదంతా ఉత్తరంలో భాగమే అంటాను.

కనిపెట్టిన సంగతి చెప్పడం కూడా మంచి ఉత్తరమే. అటారీ కంపెనీ గేమ్ 'అడ్వెంచర్' 1980లో వచ్చింది. ఆ కంపెనీ అప్పట్లో గేమ్ మీద ప్రోగ్రామర్ పేరు వేసేది కాదు. అందుకని దాన్ని చేసిన వారెన్ రాబినెట్ కంటికి ఆనని చుక్క ఒకటి పెట్టి, దాన్ని మోసుకెళ్తే తెరుచుకునే రహస్య గదిలో తన పేరు దాచాడు. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు, ఆ తర్వాత ఉద్యోగం మానేశాడు. గది సంగతి అటారీకి తెలిసింది సాల్ట్ లేక్ సిటీ నుంచి పదిహేనేళ్ళ కుర్రాడు రాసిన ఉత్తరంతో. గేముల్లో దాచిపెట్టే వాటిని ఈస్టర్ ఎగ్స్ అనడం అక్కడే మొదలైంది. ఆ అబ్బాయి గేమ్ ఎలా ఉండాలో చెప్పలేదు, అందులో ఏముందో చెప్పాడు. మీకు ఏదైనా తప్పు దొరికినా అలాగే రాయండి: ఏ చోట, ఏం చేస్తే, ఏం జరిగింది. "సరిచేయండి" అని రాయక్కర్లేదు.

"మా దగ్గర కూడా విడుదల చేయండి" అని అడగడం సలహా అవుతుందా అని ఇద్దరు అడిగారు. కాదు, అది విన్నపం. 2011లో ఉత్తర అమెరికా అభిమానులు 'జెనోబ్లేడ్ క్రానికల్స్', 'ది లాస్ట్ స్టోరీ', 'పండోరాస్ టవర్' తమకూ కావాలని 'ఆపరేషన్ రెయిన్‌ఫాల్' పేరుతో కూడబలుక్కుని నింటెండోకు ఉత్తరాలు రాశారు. అలాంటి ఉద్దేశం లేదని మొదట జవాబొచ్చింది. 2012 ఏప్రిల్‌లో జెనోబ్లేడ్ వచ్చింది, మిగతా రెండూ 2012, 2013లలో వేరే ప్రచురణ సంస్థ ద్వారా వచ్చాయి.

నా అలవాట్లు కొన్ని చెబుతాను, నచ్చితే తీసుకోండి. నేను ముందు చివరి ప్రశ్న రాస్తాను, దానికి దారితీసే మాటలే పైన రాస్తాను. ఒక్క పేజీ దాటను. వెనక పేజీ కూడా వాడను. చేత్తోనే రాస్తాను, నీలం సిరాతో. జపాన్ కంపెనీకైతే చిన్న వాక్యాలు రాస్తాను, సామెతలు పెట్టను, అనువదించేవాళ్ళు తడబడకూడదు కదా. "మీ గేమ్ అద్భుతం" అని ఎప్పుడూ రాయను. డిజైనర్ ఒక్కరి పేరు మీదే కవరు రాయను, వాళ్ళు కంపెనీ మారిపోతే కవరు తిరుగుతూనే ఉంటుంది. జవాబు కోసం కవరు జతచేసేటప్పుడు మీ దేశపు స్టాంపు అంటించకండి, పరాయి దేశపు పోస్టాఫీసులో అది చెల్లదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, చేయగలరనే ఇస్తున్నాను. వెనక్కి వచ్చిన మీ ఉత్తరం తీసి, అందులో సలహా ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. మారువేషంలో ఉన్నవి కూడా వదలకండి. తర్వాత ఆ గేమ్ మళ్ళీ పెట్టి, ఆ సలహా మీకు ఏ చోట తట్టిందో సరిగ్గా అక్కడికే వెళ్ళి గంటసేపు ఆడండి. పక్కన కాగితం పెట్టుకుని, ఏం కనిపించింది, ఏం వినిపించింది, చెయ్యి ఎక్కడ తడబడింది, అంతవరకే రాయండి. గీత గీసిన ఒక్కో వాక్యాన్ని కొట్టేసి, ఆ చోట ఆ కాగితం మీది ఒక్కో వాక్యం పెట్టండి. మొత్తం నూట ఇరవై మాటలు దాటకూడదు. పూర్తయ్యాక దాన్నే నలభై మాటల్లో మళ్ళీ రాయండి. గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళకు ఆ నలభై మాటలూ చదివి వినిపించి, చివరి ప్రశ్నకు జవాబు చెప్పమనండి. వాళ్ళు ఏదో ఒకటి చెప్పగలిగితే పోస్టు చేయండి. "నాకేం తెలుసు, కంపెనీని అడగాలి" అంటే ప్రశ్న మార్చండి.

పోస్టు చేసేముందు నకలు తీసి ఉంచుకోండి. బొమ్మల కవర్ల పాఠంలో ఆ నలభై మాటల నకలు మీ పక్కన ఉండాలి, బొమ్మ అందులోంచే తీస్తాం.