సలహాకు ముందు వినడం

ఎదుటివారు బాధ చెప్పుకోవడం మొదలుపెట్టారో లేదో, మన మనసులో పరిష్కారం సిద్ధమైపోతుంది. ఆ తొందర ప్రేమలోంచే పుడుతుంది. కానీ బాధపడుతున్నవారి ఎదుట ఏమీ చేయకుండా కూర్చోలేని మన ఇబ్బంది కూడా అందులో కలిసి ఉంటుంది. ఉద్యోగం పోయిందని చెబుతున్న మనిషితో అప్పుడే "ఇంకోచోట ప్రయత్నించు" అంటే, ఆపాటి ఆలోచన తనకు రాలేదనుకుంటున్నారన్న నొప్పి అదనంగా చేరుతుంది. తన స్వేచ్ఛకు అడ్డు వస్తోందనిపిస్తే మనిషి మంచి మాటనైనా ప్రతిఘటిస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లోనే వివరించారు.

కాబట్టి వారు మాట ఆపినప్పుడు మీరు వెంటనే అందుకోకండి. ఇది వినడానికి తేలికగా ఉన్నా చేయడం కష్టం. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సుమారు 200 మిల్లీసెకన్లే, అంటే సెకనులో ఐదో వంతే అని తేలింది. అంత వేగానికి అలవాటుపడ్డ మనకు మూడు సెకన్ల మౌనం కూడా మోయలేని బరువనిపిస్తుంది. అయినా ఓర్చుకోండి, గుండెలో అసలు మాట తరచుగా ఆ మౌనం తరువాతే బయటికి వస్తుంది.

ఆ తరువాత, విన్నదాన్ని మీ మాటల్లో వారి ముందు ఉంచండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో వివరించిన క్రియాశీల శ్రవణంలో, అంటే మనసుపెట్టి అర్థం చేసుకుంటూ వినే పద్ధతిలో, మాటల అర్థంతోపాటు వాటి వెనుక ఉన్న భావాన్ని కూడా అందుకోవడం ముఖ్యం. మంచాన ఉన్న తల్లికి సేవ చేస్తూ అలసిపోయానన్న స్నేహితురాలితో "ఎవరినైనా సాయానికి పెట్టుకో" అనకుండా, "ఒకవైపు అలసట, ఇంకోవైపు అలసిపోయానని అనుకోవడమే తప్పేమోనన్న బాధ, అంతేనా?" అని అడగవచ్చు. మీ ఊహ తప్పయినా నష్టం లేదు. దాన్ని సరిదిద్దే ప్రయత్నంలో ఆమెకే తన మనసు మరింత స్పష్టమవుతుంది. అయితే ఆమె వాక్యాన్నే చిలకలా వల్లిస్తే విన్నట్టు కాదు. "నాకూ ఇలాగే జరిగింది" అని మీ కథ ఎత్తుకోవడం కూడా, ఎంత మంచి మనసుతో చేసినా, సంభాషణను ఆమె చేతిలోంచి లాక్కోవడమే.

నిజంగా పనికివచ్చే సలహా మీ దగ్గర ఉంటే ముందు అనుమతి అడగండి: "ఇప్పుడు నేను వింటే సరిపోతుందా, లేక ఏం చేయాలో కలిసి ఆలోచిద్దామా?" వద్దంటే ఆ మాట అక్కడితో వదిలేయండి.

ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా సూచనగా అన్నా, ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా, నెమ్మదిగా అడగండి. ఉందంటే వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం అందేలా చూడండి.