హాలోవీన్ హారర్ నైట్స్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ఒక్క రాత్రిలో అన్నీ చూసి రావడం ఎలా?

నా మొదటి హాలోవీన్ హారర్ నైట్స్‌లో పది హౌస్‌లు, అంటే లోపల నడుస్తూ చూసే దయ్యాల కొంపలు, ఉంటే నేను చూసినవి నాలుగు. మిగతా టైమంతా లైన్లో నా ముందు నిలబడ్డాయన వీపు చూశాను. ఆయన టీషర్టు మీది గుమ్మడికాయ బొమ్మ ఇప్పటికీ గుర్తే. తప్పంతా నాదే. అక్టోబర్ నెల, శనివారం రాత్రి, చేతిలో మామూలు టికెట్, కాళ్లకు కొత్త బూట్లు. ఏ హౌస్ ఎటుందో కూడా తెలియదు. మరుసటి ఏడు టాంపాలో ఉండే మా బావని వెంటబెట్టుకుని వెళ్లి పదీ చూసి వచ్చాను. ఆ ఏడాదిలో నా ధైర్యమేమీ పెరగలేదు. ప్లాన్ చేసుకోవడం వచ్చింది, అంతే.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోలోని యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో ఏటా జరిగే దయ్యాల పండగ. 1991లో 'ఫ్రైట్ నైట్స్' అనే పేరుతో మూడంటే మూడు రాత్రులు, ఒకే ఒక్క హౌస్‌తో మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ఇప్పుడున్న పేరు. ఈ మధ్య ఏళ్లలో ఆగస్టు చివర మొదలై నవంబర్ మొదటి వారం దాకా, వారంలో కొన్ని రాత్రులు నడుస్తోంది. సాధారణంగా పది హౌస్‌లు, వీధుల్లో అయిదు స్కేర్ జోన్లు (నటులు తిరుగుతూ భయపెట్టే చోట్లు), ఒకటి రెండు స్టేజ్ షోలు ఉంటాయి. 2020లో కోవిడ్ వల్ల ఆగింది. ముప్పయ్యోది 2021లో జరిగింది. హాలీవుడ్, సింగపూర్, ఒసాకాల్లోని యూనివర్సల్ పార్కుల్లోనూ ఇదే పేరుతో జరుపుతారు కానీ, నేను రాసేదంతా ఓర్లాండో సంగతే.

1. వేసవిలోనే మొదలుపెట్టండి

అభిమానులకు ఈ పండగ ఆగస్టు చివర మొదలు కాదు. ఒక ఏడాది ఆఖరి రాత్రి ముగిసిన మర్నాటి నుంచే వచ్చే ఏడాది గురించి ఊహాగానాలు మొదలవుతాయి. పెద్ద హీరో సినిమాకి మన దగ్గర టైటిల్, ఫస్ట్ లుక్, టీజర్ అంటూ నెలల తరబడి ఊరించినట్టే, ఇక్కడా వసంతం నుంచి వేసవి దాకా ఒక్కో హౌస్ పేరు వదులుతారు. ఆ లోపు అభిమానులు ఊరుకోరు. పార్కు వెనక టెంట్లు ఎప్పుడు లేస్తున్నాయి, నిర్మాణానికి ఏ పర్మిట్లు తీసుకున్నారు అని ఆరా తీస్తారు. అన్నీ కలిపి 'స్పెక్ మ్యాప్' ఒకటి గీస్తారు. ఏ హౌస్ ఏ సౌండ్ స్టేజీలో (షూటింగులు చేసే పెద్ద హాలు), ఏది ఏ టెంట్లో వస్తుందో చెప్పే ఊహాపటం అది. అధికారిక ప్రకటన వచ్చేసరికి అందులో చాలాభాగం నిజమై కూర్చుంటుంది.

మీరు ఇంత లోతుకు దిగక్కర్లేదు. ప్రకటనలు వచ్చాక రెండు పనులు చేయండి చాలు. సినిమాల మీద, గేముల మీద కట్టిన హౌస్‌లు ఏవో చూసి, తెలియనివి ఉంటే వెళ్లేలోపు ఒకసారి చూసేయండి. కథ తెలిస్తే గోడ మీద వేలాడే చిన్న ఫొటో కూడా పలకరిస్తుంది. రెండోది, పార్కు వాళ్లే కథ అల్లుకుని కట్టే ఒరిజినల్ హౌస్‌లని చిన్నచూపు చూడకండి. సినిమా పేరున్నవాటికి లైను పెద్దది, పాత అభిమానులు ప్రాణం పెట్టేది ఒరిజినల్స్‌కి. 2022లో వచ్చిన 'డెడ్ మ్యాన్స్ పియర్' అలాంటిదే. చేపలు పట్టుకునే ఊరు, పడవ, సముద్రం మింగేసిన మనుషులు. దాని గురించి అభిమానులు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. అలాగే 2000లో పరిచయమైన జాక్ అనే జోకర్ పార్కు సొంత పాత్ర. ఏ సినిమా నుంచీ వచ్చినవాడు కాదు, అయినా వాడికి స్టార్ హీరోకున్నంత ఫాలోయింగ్.

2. తేదీ దగ్గర రాజీ పడకండి

మిగతా సలహాలన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. సెప్టెంబర్‌లో, బుధవారమో గురువారమో వెళ్లండి. కుదరకపోతే ఆదివారం. హాలోవీన్ (అక్టోబర్ 31) దగ్గరపడేకొద్దీ జనం పెరుగుతారు, టికెట్ ధరా పెరుగుతుంది. అక్టోబర్ శుక్ర, శనివారాలైతే ఇక చెప్పక్కర్లేదు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఇందులో ఇంకో లాభం. బతుకమ్మ, దసరా వేడుకల్ని ఇక్కడి సంఘాలు వీకెండ్‌కే పెడతాయి కాబట్టి, వారం మధ్యలో వెళ్తే ఆ గొడవా ఉండదు, అక్కతో మాటా పడక్కర్లేదు.

చిక్కల్లా వాన. ఫ్లోరిడాలో జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. 2022లో ఇయాన్, 2024లో మిల్టన్ వచ్చినప్పుడు పార్కు మూసేసి ఆ రాత్రులు రద్దు చేశారు. దూరం నుంచి విమానంలో వచ్చేవాళ్లు ఓర్లాండోలో ఒక రోజు అదనంగా ఉండేలా చూసుకోండి. మామూలు వానైతే మాత్రం బెంగపడకండి. ఒక జల్లు పడితే సగం మంది ఇంటి దారి పడతారు. పది డాలర్ల లోపు దొరికే రెయిన్‌కోటు ముందే కొని జేబులో పెట్టుకున్నవాళ్లదే ఆ రాత్రి.

3. టికెట్ కొనేముందు ఒక్కసారి చదవండి

పగటి టికెట్ రాత్రికి చెల్లదు. హారర్ నైట్స్‌కి వేరే టికెట్ కొనాలి, దాని మీద తేదీ ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ పాస్ అంటే లైన్లో కాస్త ముందుకు పంపే అదనపు టికెట్, ఒక్కో హౌస్‌కి ఒక్కసారి పనిచేస్తుంది. రద్దీ రాత్రుల్లో ఈ పాస్ ధర అసలు టికెట్‌ని దాటిపోతుంది. సెప్టెంబర్ బుధవారానికి ఇది దండగ. అక్టోబర్ శనివారం తప్ప వేరే రోజు కుదరనివాళ్లకి మాత్రం దండగ అనలేను. ఒకటికి మించి వెళ్దామనుకుంటే ఫ్రీక్వెంట్ ఫియర్ లాంటి సీజన్ పాస్‌లు ఉన్నాయి. దగ్గర్లో ఉండేవాళ్లు, మా బావలాగా రుచి మరిగినవాళ్లు, అవే కొంటారు. పార్కింగ్‌కి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి.

4. సాయంత్రానికే లోపల ఉండండి

గేట్లు తెరిచేది ఆరున్నరకి. ఆ టైముకి బయట నిలబడితే మీ ముందు కొన్ని వేల తలకాయలుంటాయి. దీనికి అభిమానులందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది, 'స్టే అండ్ స్క్రీమ్'. పగటి టికెట్ లేదా వార్షిక పాస్ ఉన్నవాళ్లు, రాత్రి టికెట్ కూడా చూపిస్తే, అయిదింటికి పార్కు మూసినా బయటికి పోనక్కర్లేదు. లోపలే కొన్ని చోట్ల ఆగమంటారు. అలా ఆగినవాళ్లకి ఆ చుట్టుపక్కల కొన్ని హౌస్‌లు గేట్లకంటే ముందే తెరుస్తారు. ఏ చోట ఆగితే ఏ హౌస్ దగ్గరో ఏటా మారుతుంది కనుక, ఆ ఏడాది మ్యాపు చూసి మీకు బాగా ఇష్టమైనది, పెద్ద లైను పడుతుందనుకున్నది ఎటుందో అటు ఆగండి.

మేమిద్దరం అలా ఆగి ఏడు కొట్టేలోపు మూడు హౌస్‌లు ముగించాం. ఇంకా వెలుతురు పోలేదు. "ఎండలో దయ్యాలేంట్రా!" అని బావ నవ్వాడు. పుట్టింది శ్మశానం పక్క వీధిలో అట, తనకి భయమనేదే తెలియదట, కారులో దారి పొడుగునా అదే పాట.

5. పెద్ద లైన్లని రాత్రికి వదిలేయండి

ఏడున్నర నుంచి పదకొండు దాకా జనం ఉధృతంగా ఉంటారు. ఆ వేళ ఫోన్లో యాప్ తీసి ఏ హౌస్‌కి ఎంతసేపో చూస్తూ, తక్కువున్నవాటికే వెళ్లండి. మధ్యలో స్టేజ్ షో చూడండి, తినండి, రైడ్లు కొన్ని నడుస్తుంటాయి, ఎక్కండి. అర్ధరాత్రి దాటాక లైన్లు కరగడం మొదలవుతుంది. రెండింటికి మూసే రాత్రుల్లో ఆఖరి గంట బంగారం. తొమ్మిదింటికి గంటన్నర చూపించిన హౌస్‌కి మేం ఒంటిగంట దాటాక ఇరవై నిమిషాల్లో వెళ్లాం. మూసే టైముకి లైన్లో ఉంటే సాధారణంగా లోపలికి పంపుతారు కాబట్టి, ఆఖరి నిమిషంలో కూడా ఒకదాని ముందు నిలబడే ఉండండి.

తిండి గురించి ఒక్క మాట. పిజ్జా ఫ్రైస్ అని బంగాళదుంప ఫ్రైస్ మీద పిజ్జా సరుకంతా పోసి ఇస్తారు. ఇక్కడి అభిమానులకు అది ప్రసాదం లాంటిది. శాకాహారులు అడిగి తీసుకోండి.

6. హౌస్ లోపల ఎలా నడవాలి

ఒక్కో హౌస్ లోపల ఉండేది మూడు నుంచి అయిదు నిమిషాలు. గంట నిలబడి అయిదు నిమిషాలు చూడటమా అని మొదట్లో నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ అయిదు నిమిషాల్లో ఎంత పని ఉంటుందో తెలిశాక లెక్క మారింది. చీకటి, పొగ, మెరుపు లైట్లు, పై నుంచి చల్లగాలి. వాసన కూడా. తడిసిన మట్టి, కాలిన కట్టె, కుళ్లు వాసన పనిగట్టుకుని వదులుతారు.

నటులు దాక్కునే సందుని అభిమానులు 'బూ హోల్' అంటారు. గోడలో తెరచాటున కిటికీ అంత ఉంటుంది. కిటుకేమిటంటే, మీ కన్ను ఒక వైపుకి లాగి, దెబ్బ ఇంకో వైపు నుంచి కొడతారు. ఒక హౌస్‌లో వంటగది. స్టవ్ మీద గిన్నె మూత దానంతటదే టకటకా కొట్టుకుంటోంది. అందులో ఏముందా అని నేను మెడ చాచాను. మోకాలి ఎత్తులో, గిన్నెల అలమర తలుపు తోసుకుని ఒకావిడ జుట్టు విరబోసుకుని బయటికి దూకింది. నేనెంత గట్టిగా అరిచానంటే ఆవిడ కూడా ఒక్క క్షణం ఆగింది. ఆ అరుపు మాత్రం స్పీకర్లో రాలేదు, నాదే. వాళ్ల అరుపుల్లో చాలావరకు రికార్డు చేసినవి; రాత్రంతా గొంతు చించుకోవడం ఎవరివల్లా కాదు. నటులు కూడా షిఫ్టుల్లో మారుతుంటారు కాబట్టి, ఒకే హౌస్ రెండోసారి వేరేగా ఉంటుంది.

భయం తక్కువ కావాలంటే గుంపు మధ్యలో నడవండి. ఎక్కువ కావాలంటే ముందువాళ్లకీ మీకూ మధ్య నాలుగడుగుల జాగా వదలండి. అలాగని ఆగిపోకండి, వెనక సిబ్బంది టార్చి ఊపుతూ కదలమంటూనే ఉంటారు. ముందువాళ్లు అదిరిపడ్డచోట రెండు సెకన్లు ఆగి ఎదురు గోడ చూడండి, ఆ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం అదో సరదా.

నటులు మిమ్మల్ని ముట్టుకోరు. మీరూ ముట్టుకోకూడదు. లోపల వీడియోలు తీయకూడదు, ఫోన్ లైటు వేయకూడదు. ఇంకోటి, మీరు వేషం వేసుకుని, మాస్కు తగిలించుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు వేసేది జనమే. ఇక్కడ జనానికి ఆ హక్కు లేదు, ఎవరు దయ్యమో ఎవరు టికెట్ కొన్నవారో తెలియకపోతే పని నడవదు మరి.

7. వీధుల్లో రంపం మోత వినిపిస్తే

స్కేర్ జోన్లకి లైను లేదు. ఒక హౌస్ నుంచి ఇంకో హౌస్‌కి వెళ్లే వీధులే అవి, నటులు జనంలో కలిసి తిరుగుతుంటారు. చెట్లు కోసే మోటారు రంపం పట్టుకుని మీదికొచ్చేవాళ్లున్నారు చూశారూ, వాటికి కోసే గొలుసు తీసేసి ఉంటుంది. మోత, పెట్రోలు వాసన మాత్రం నిజం. ఈ సంగతి తెలిసినా కాళ్లు ఆగవు. ఒక్క చిట్కా: పరుగెత్తకండి. పరుగెత్తినవాళ్ల వెంటే పడతారు. నిలబడి కళ్లలోకి చూసి నవ్వితే మీతో పనిలేదని ఇంకొకరిని వెతుక్కుంటారు. బావ ఈ పరీక్ష నెగ్గాడు, ఒప్పుకోవాలి. చేతులు కట్టుకుని, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ఎవరు వెళ్లకూడదు

పదమూడేళ్ల లోపు పిల్లలకి ఇది తగదని పార్కే చెబుతోంది. నా మాట కూడా అదే. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, మెరుపు లైట్లకి మూర్ఛ వచ్చేవాళ్లు అసలొద్దు. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలని "సరదాగా ఉంటుంది రండి" అని తీసుకెళ్లకండి. పిల్లలతో అయితే అదే ఓర్లాండోలో డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిక్కీ పేరుతో హాలోవీన్ పార్టీ జరుగుతుంది, వేషాలు వేసుకోవచ్చు, చాక్లెట్లు పంచుతారు. మా అక్క పిల్లలతో అటే వెళ్లింది.

ఆఖరున, కారు

వచ్చేటప్పుడు పార్కింగ్ సెక్షన్ పేరు, ఫ్లోరు నంబరు ఫొటో తీసుకోండి. భవనం పెద్దది, ఫ్లోర్లన్నీ ఒకేలా ఉంటాయి. మేం తీయలేదు. బావ తీశాడని నేననుకున్నాను, నేను తీశానని బావ అనుకున్నాడు. రెండున్నరకి, పది హౌస్‌లు చూసిన కాళ్లతో, మూడు ఫ్లోర్లు వెతికాం. నాలుగో ఫ్లోర్లో స్తంభం వెనక ఎవరో తాళం నొక్కితే కారు 'కుయ్' మంది. రాత్రంతా చేతులు కట్టుకుని నిలబడ్డ మా బావ "అమ్మో!" అని నా చొక్కా పట్టుకున్నాడు.