డ్రాగ్ స్ట్రిప్‌కీ రోడ్డుకీ ఒకే కారా? ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కొనేముందు జాగ్రత్తలు

డ్రాగ్ స్ట్రిప్ (తిన్నగా సాగే చిన్న రేసు ట్రాక్) మీదా, రోడ్డు మీదా నడిపే పాత షెవర్లేకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వెతుకుతుంటే, డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి.

• కారు రోడ్డు మీద ఎంత తిరుగుతుందో నిజాయితీగా లెక్కేయండి. పవర్‌గ్లైడ్ అనే గేర్‌బాక్స్ తేలిక, కానీ రెండే గేర్లు. మొదటి గేరు నిష్పత్తి 1.76 లేదా 1.82; ఈ అంకె ఎంత తక్కువైతే కదిలేటప్పుడు లాగే బలం అంత తక్కువ. బరువైన కారు సిగ్నల్ దగ్గర ఈడుస్తూ కదులుతుంది. టర్బో 400 గట్టిది, మొదటి గేరు 2.48, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ వేగం తగ్గించే పై గేరు) లేదు. 4ఎల్80ఈకి మొదటి గేరు అంతే, పైగా 0.75 ఓవర్‌డ్రైవ్ ఉంది. వెనక యాక్సిల్ నిష్పత్తి 4.10 అయినా హైవే మీద 3.08లా నడుస్తుంది, ఇంజిన్ గోల పెట్టదు. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. దీని గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఖర్చు మాత్రం ముందే కలుపుకోండి.

• టార్క్ కన్వర్టర్‌ను (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) గేర్‌బాక్స్‌తో కలిపే ఆలోచించండి. స్టాల్ స్పీడ్ (కారును కదలకుండా పట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ చేరగల వేగం) క్యామ్‌షాఫ్ట్‌కీ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ), కారు బరువుకీ, యాక్సిల్‌కీ కుదరాలి. మరీ ఎక్కువ స్టాల్ పెడితే ట్రాఫిక్‌లో జారుతూ ఆయిల్‌ను మరిగిస్తుంది. వేడే ఈ గేర్‌బాక్స్‌లకు అసలు శత్రువు. విడి కూలర్ తప్పనిసరి.

• 700ఆర్4 అనే గేర్‌బాక్స్ కొంటే టీవీ కేబుల్ (యాక్సిలరేటర్ ఎంత తొక్కారో గేర్‌బాక్స్‌కి తెలిపే త్రాటిల్ వాల్వ్ తీగ) సర్దకుండా ఒక్క మైలు కూడా నడపొద్దు. లోపలి క్లచ్‌లు మాడిపోతాయి.

• సెకండ్ హ్యాండ్‌దైతే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూడండి. మాడు వాసన, అడుగున ఉండే ఆయిల్ పాన్‌లో లోహపు రజను ఉంటే వదిలేయండి.

• గేర్‌బాక్స్ కూర్చునే టన్నెల్, దాన్ని కింద నుంచి మోసే క్రాస్‌మెంబర్, వెనక యాక్సిల్‌కి శక్తినిచ్చే డ్రైవ్‌షాఫ్ట్ కొలతలు తీసుకోండి.

• పార్క్, న్యూట్రల్‌లో తప్ప ఇంజిన్ స్టార్ట్ కాకూడదు. ఆ స్విచ్ పనిచేయకపోతే స్ట్రిప్‌కి వెళ్లకండి.