మాట్లాడే ఇంగ్లిష్‌కు మార్కులు వేయడం ఎలా? 4వ పాఠం: ఎదుట చైనా టీచరు

గత పాఠంలో ఒకే రికార్డింగును వారం తేడాతో రెండుసార్లు విని, రెండుసార్లూ ఒకే మార్కు పడుతుందో లేదో చూసుకొమ్మన్నాను. అర మార్కు తేడా వచ్చినవారు కంగారుపడనక్కరలేదు. ఒక మార్కు మించి తేడా వచ్చినవారు మాత్రం ఆ అభ్యాసాన్ని ఇంకొక గొంతుతో చేసి, ఆ తరువాత ఇక్కడికి రండి.

ఇంతవరకు మనం విన్నవి మనకు అలవాటైన గొంతులే. ఈసారి చైనాలో ఇంగ్లిష్ బోధించే టీచర్లను విందాం. చైనాలో 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలుపెట్టే విధానం వచ్చింది. పెద్ద నగరాలు దాటితే అక్కడి చాలామంది పిల్లలకు ఎదురుగా నిలబడి ఇంగ్లిష్ మాట్లాడే మనిషి టీచరు ఒక్కరే. కాబట్టి ఆ గొంతును అంచనా వేసేటప్పుడు అడగవలసిన ప్రశ్న ‘ఇది లండన్ ఇంగ్లిష్‌కు ఎంత దగ్గర?’ అన్నది కాదు. ‘ఈ మాట విని పిల్లలు పని చేయగలరా, దీన్ని అనుకరిస్తే రేపు బయటివారికి అర్థమవుతారా?’ అన్నది.

ముందు మన చెవి సంగతి తేల్చుకోవాలి. తెలుగు వ్యాకరణంలో క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు అని చదువుకున్నాం. చైనా ప్రామాణిక భాష మాండరిన్‌లో ఈ సరళాలు లేవు. ఉన్నవి పరుషాలు, వాటి ఒత్తక్షరాలు. రోమన్ లిపిలో వాళ్లు ‘బి’ అక్షరంతో రాసేది మన ప. ‘పి’ అక్షరంతో రాసేది మన ఫ (ఫలంలోది, ఫ్యానులోది కాదు). మనం బీజింగ్ అనే ఊరి పేరును వాళ్ల నోట వింటే దాదాపు ‘పేయ్‌చింగ్’ అనిపిస్తుంది.

దీని ఫలితం చూడండి. చైనా టీచరు ‘బిగ్’ అంటే తెలుగు పరీక్షకుడికి ‘పిగ్’ అని వినిపిస్తుంది. వెంటనే కలం ఉచ్చారణ తప్పు అని రాసేస్తుంది. ఇంగ్లిష్ మాతృభాష అయినవారికి అదే మాట సవ్యంగా వినిపిస్తుంది. ఎందుకంటే మాట మొదట వాళ్ల ‘బి’లోనూ నాదం (గొంతులో కంపనం) చాలాసార్లు ఉండీ లేనట్టే ఉంటుంది, వాళ్ల ‘పి’ మాత్రం గట్టిగా ఊపిరి విసిరి పలుకుతుంది. ఇక్కడ తప్పు టీచరుది కాదు, చెవిది. ఇంకో చిక్కు కూడా ఉంది. మనం ఒత్తు లేకుండా ‘పెన్’ అంటే ఎదుటివారికి అది ‘బెన్’గా చేరవచ్చు. ప్రశ్న మనం పలికిన తీరు వల్ల అర్థం కాకపోతే, విని గ్రహించే శక్తి లేదని వాళ్ల మార్కులో కోత పెట్టడం అన్యాయం. పరీక్షకు కూర్చునే ముందు మీ ప్రశ్నల్లోని ప, ట, క లను కాస్త ఊపిరి కలిపి పలకడం సాధన చేయండి.

చెవి మోసం కఠినత్వం వైపే కాదు, ఉదారత వైపు కూడా ఉంటుంది. మాండరిన్ మాటలు అచ్చుతోనో, న్, ఙ్ వంటి అనునాసికంతోనో ముగుస్తాయి. ‘ర్’ తప్ప వేరే హల్లుతో ముగిసేవి లేవు. అందువల్ల ఇంగ్లిష్ మాట చివరి హల్లు కొందరి నోట జారిపోతుంది, కొందరి నోట దానికి ఒక చిన్న అచ్చు తోడవుతుంది. తెలుగు అజంత భాష. ‘బస్’ను ‘బస్సు’ చేసుకున్న చెవికి ఆ చివరి అచ్చు తప్పుగా తోచదు. కానీ పిల్లవాడికి ‘బ్యాగ్’, ‘బ్యాక్’ రెండూ ఒకేలా వినిపిస్తే అది తరగతిలో నిజమైన నష్టమే. అలాగే పెదవి కొరికి పలికే ‘వి’, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ‘డబ్ల్యూ’. మనకు రెండూ ఒకే వ. ఈ తేడా మీద మార్కు వేసే అర్హత మనలో చాలామందికి లేదు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి రెండో పరీక్షకుడికి వదిలేయండి.

‘థింక్’ బదులు ‘సింక్’ అనడం చైనా ఉచ్చారణకు ముద్రలాంటిది. అందరి చెవీ ముందు దాని మీదే పడుతుంది, అందుకే దానికి పడవలసిన దానికన్నా ఎక్కువ శిక్ష పడుతోందని నా అభిప్రాయం. సందర్భంలో అది దాదాపు ఎప్పుడూ అర్థమవుతుంది. న, ల తారుమారు కావడం మాత్రం తీవ్రమైనది. సిచువాన్, హునాన్, హుబేయ్ ప్రాంతాల్లో చాలామంది వాడుకలో ఈ రెండూ కలిసిపోతాయి. హాంగ్‌కాంగ్ కాంటనీస్‌లోనూ మాట మొదటి న తరచు ల అవుతుంది. ‘నైట్’ కాస్తా ‘లైట్’ అయితే వాక్యం అర్థమే మారుతుంది. అయితే ‘మీది ఏ రాష్ట్రం?’ అని ముందే అడగకండి. జవాబు తెలిస్తే, పలకని తప్పు కూడా వినిపిస్తుంది.

వ్యాకరణంలో ఒక విషయం తెలుగువారిని ఉలిక్కిపడేలా చేస్తుంది. ధారాళంగా మాట్లాడుతున్న టీచరు తన తల్లి గురించి చెబుతూ ‘హీ’ అంటారు. మాండరిన్‌లో అతను, ఆమె, అది మూడూ నోటికి ‘థా’ ఒక్కటే; రాతలో మాత్రం వేర్వేరు గుర్తులు. ఎంతో పట్టు ఉన్నవారికీ వేగంలో ఇది జారుతుంది. క్రియ కాలాన్ని బట్టి రూపం మారకపోవడమూ అంతే: నిన్న అనే మాట ఉంటే చాలు, క్రియ మారనక్కరలేదు. అందుకే తప్పులను లెక్కపెట్టేటప్పుడు అవకాశాలను కూడా లెక్కపెట్టండి. భూతకాలం రావలసిన చోట్లు ఇరవై ఉండి మూడింట జారితే అది జారుడు. పదిహేనింట జారితే అది తెలియకపోవడం. మధ్యలో ఆగి తనంతట తాను దిద్దుకున్నవారికి కోత వద్దు. టీచరులో మనం కోరుకునే గుణమే అది.

ఇక ఎలా మాట్లాడించాలి? చైనాలో టీచర్లు కావాలనుకునేవారు తమ సొంత భాష ఉచ్చారణకూ పరీక్ష రాయాలి. మాండరిన్ మాట తీరుకు మూడు స్థాయిలు, ఒక్కోదానిలో రెండు మెట్లు. సాధారణంగా రెండో స్థాయిలో కింది మెట్టు అయినా అందుకోవాలి. అందులో తప్పు పలికిన ధ్వనికి మార్కు తీసేస్తారు. ఈ అలవాటుతో వచ్చిన మనిషి మీ ముందు ప్రతి ధ్వనినీ కాచుకుంటూ, చిన్న చిన్న వాక్యాల్లో ఒదిగిపోతారు. ఉచ్చారణ ఏ ఊరిదైనా కోత లేదని మొదటి నిమిషంలోనే చెప్పేయండి. ఒంట్లో బిగువు సడలడం కళ్లకు కనిపిస్తుంది.

రెండో ఇబ్బంది కంఠస్థం. పాఠాన్ని అప్పజెప్పడం చైనా బడుల్లో గౌరవమైన చదువు పద్ధతి; మన వేమన పద్యాల తరగతుల్లో పెరిగినవారు దాన్ని తేలిగ్గా చూడకూడదు. కానీ అప్పజెప్పిన మాటకు మార్కు వేస్తే మార్కు జ్ఞాపకశక్తికి పడుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది, కళ్లు మీ మీద కాక గోడ మీద ఉంటాయి, పెద్ద మాటలు వరుసగా వచ్చి మీ మొదటి ఉపప్రశ్నతో మాయమవుతాయి. ఆ సమయంలో మధ్యలో ఆపకండి. ముగియనిచ్చి, ఆ ప్రసంగంలోని ఒక చిన్న విషయం పట్టుకొని అడగండి: ‘ఆ రోజు తరగతిలో వెనక వరుస పిల్లలు ఏం చేశారు?’ దీనికి తయారైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

నేను సిఫారసు చేసే పని ఇంకొకటి. మీరు పదేళ్ల పిల్లవాడిలా నటించండి. ‘బారో’, ‘లెండ్’ రెండింటికీ తేడా అర్థం కాలేదని చెప్పి, చైనీస్ వాడకుండా ఇంగ్లిష్‌లోనే వివరించమనండి. చైనీస్‌లో అప్పు ఇవ్వడానికీ అప్పు తీసుకోవడానికీ కలిపి ‘చియే’ అనే ఒకే క్రియ ఉంది కాబట్టి ఇది అక్కడి తరగతుల్లో నిజంగా ఎదురయ్యే చిక్కే. మంచి టీచరు బల్ల మీది పెన్ను తీసుకుంటారు, మీ చేతికిస్తారు, చిన్న వాక్యం అంటారు, మళ్లీ మార్చి అంటారు. పాండిత్యం మాత్రమే ఉన్నవారు నిఘంటువు నిర్వచనం చెబుతారు. తరువాత పుస్తకం పదో పేజీ తెరవమని మీకు చెప్పమనండి. మీరు తొమ్మిదో పేజీ తెరిచి, ‘ఇదేనా?’ అనండి. పదో పేజీ కావాలని దిద్దుతూ ‘పది’ మీద ఊనిక పెడుతున్నారా, లేక ప్రతి మాటనూ సమానంగా మోదుతున్నారా వినండి. ఊనిక లేని సూచన వినే పిల్లలకు ఏ మాట ముఖ్యమో తెలియదు.

మామూలు సంభాషణ, తరగతిలో పిల్లలతో మాట అనే ఈ రెండు రకాల మాటనూ విడదీసి చూడాలని హాంగ్‌కాంగ్ ఎప్పుడో గ్రహించింది. అక్కడ భాషా టీచర్ల సామర్థ్య పరీక్ష 2001లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే టీచర్లు వీధుల్లోకి వచ్చి దాన్ని వ్యతిరేకించారు. ఏళ్ల తరబడి బోధిస్తున్నవారిని మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టడం వారికి నచ్చలేదు, ఆ కోపం అర్థం చేసుకోదగినదే. అయినా పరీక్ష నిలిచింది. ఇంగ్లిష్‌లో సంభాషణకు ఒక పేపరు, తరగతి గది భాషకు వేరే పేపరు. రెండోదానికి పరీక్షకులు నిజమైన తరగతిలో కూర్చొని నాలుగు విషయాలు చూస్తారు: వ్యాకరణ శుద్ధి; ఉచ్చారణ, ఊనిక, స్వరం; పిల్లలతో మాటా మాటా కలిపే భాష; బోధించే, సూచనలిచ్చే భాష. స్థాయిలు ఐదు, మూడోది అందుకోవాలి. నాలుగింటిలో సగం పిల్లల కోసం వాడే భాషకే కేటాయించారని గమనించండి. మన మార్కుల కాగితం మీద కూడా ఈ నాలుగు గళ్లే గీసుకుందాం.

ఈ వారం అభ్యాసం: చైనా టీచరు ఇంగ్లిష్ తరగతి తీసుకుంటున్న వీడియో ఒకటి వెతికి, అయిదు నిమిషాలు ఎంచుకోండి. మొదటిసారి కలం పక్కన పెట్టి వినండి. రెండోసారి అర్థం కాని చోట మాత్రమే సమయం రాసుకోండి. మూడోసారి ఆ చోట్ల పక్కన కారణం రాయండి: ధ్వనా, ఊనికా, వ్యాకరణమా, లేక మీ చెవా? నాలుగోది రాయడానికి మొహమాటపడకండి. ఆపైన నాలుగు గళ్లూ నింపి, అదే వీడియోను మరొకరికిచ్చి, మీ కాగితం చూపించకుండా నింపమనండి. ఐదో పాఠంలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.