చలికాలంలో తరవాణి పులవట్లేదా?

ఎండాకాలంలో తరవాణి, అంటే పులిసిన గంజి, పెట్టడం పెద్ద విద్యేం కాదు. కుండలో గంజి, గుప్పెడు అన్నం, నాలుగు దబ్బాకులు వేసి మూత పెడితే రెండో రోజుకే పులుపెక్కుతుంది. చిక్కంతా ధనుర్మాసంలోనే. కోనసీమలో రాత్రిళ్లు 20 డిగ్రీలకు అటూఇటూగా దిగితే చాలు, కుండ మొరాయిస్తుంది.

మూడో రోజైనా పులుపు రాలేదు

పోయినేడు మా ఇంట్లో ఇదే జరిగింది. గంజి మార్చాను, ఆకులు మార్చాను, లాభం లేదు. అమ్మ వచ్చి కుండకి అరచెయ్యి ఆనించి, "చెమట పోస్తోంది చూడరా, మంచినీళ్ల కుండలో పెట్టినట్టే పెట్టావు" అంది. నిజమే. మట్టికుండ గోడల్లోంచి నీరు ఊరి ఆవిరవుతూ లోపలున్నదాన్ని గదికంటే చల్లబరుస్తుంది. మే నెలలో మనల్ని కాపాడే గుణమే పుష్యమాసంలో కొంప ముంచుతుంది. గంజిని పులియబెట్టే బాక్టీరియాకి 30 డిగ్రీల దగ్గర హుషారు. 20కి దిగితే బద్ధకం.

అందుకే చలికాలానికి కుండ వద్దు, ఊరగాయ జాడీ వాడండి. ఇత్తడి గిన్నె జోలికి అసలు పోకండి, పులుపు లోహాన్ని తింటుంది. మా ఊళ్లో సార్వా (ఖరీఫ్ వరి) నూర్పులయ్యాక ఊకకి కరువుండదు. పాత బకెట్లో ఊక పోసి, మధ్యలో జాడీ దించి, పైన గోనెసంచి కప్పండి. పొయ్యి గట్టు మీద ఒక మూలైనా సరే, సెగ మాత్రం నేరుగా తగలకూడదు.

మూడు లీటర్ల గంజికి పాత తరవాణి తేట ఒక గ్లాసు కలపండి. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడగండి, సిగ్గుపడేదేం లేదు. ఇది త్వరగా పులవడానికే కాదు. అన్నం పులవకుండా రోజుల తరబడి నిలవుంటే చెడ్డ సూక్ష్మజీవులు ముందు పాతుకుపోతాయి. మూడు రోజులైనా పులుపు జాడ లేనిదాన్ని నేనైతే పారబోస్తాను.

తోడు వేసినా కదలట్లేదు

వార్చిన గంజిని పొగలు కక్కుతుండగానే పోసేశారేమో. తోడు చచ్చిపోతుంది. వేలు పెడితే హాయిగా అనిపించేదాకా ఆగండి. ఉప్పు మొదట్లోనే గట్టిగా వేసినా పులుపు మందగిస్తుంది, తాగేటప్పుడు వేసుకోవచ్చు.

మా తమ్ముడు స్కాట్లాండ్‌లో కిట్టు కొని ఇంట్లో బీరు పెడుతుంటాడు. వాడిదీ ఇదే గోల: 18 డిగ్రీల కిందకి పోతే వాడి ఈస్టు ముసుగుతన్ని పడుకుంటుందట. ఈస్టు మరీ వేడిలో వేసినా చస్తుందట. బుడగలు ఆగాయని బీరు తయారైనట్టు కాదని, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో చూస్తాడు. మనకి ఆ పరికరం అక్కర్లేదు గానీ, బుడగల్ని మాత్రం మనమూ నమ్మకూడదు. తరవాణిలో అవి పెద్దగా రావు. వాసన పుల్లగా మారాక చెంచాడు నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది.

జిగటగా ఉంది

సంక్రాంతికి కొత్తబియ్యం వండారా? ఆ గంజి చిక్కగానే ఉంటుంది, కంగారు పడకండి. గరిటెతో కాస్త తీసి గోరువెచ్చటి నీళ్లలో వేసి కలపండి. విడిపోతే గంజే. గరిటె ఎత్తినప్పుడు తీగలా సాగుతూ వేలాడితే చెడిపోయింది, పారబోయండి.

పైన తెట్టు కట్టింది

తెల్లగా, పల్చగా, ముడతలు పడ్డ పొర అయితే తీసేసి, రోజూ ఒకసారి కలిపి, మూత శుభ్రంగా ఉంచండి. నలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగో, నూగో కనిపిస్తే పైపైన తీసి వాడొద్దు. కుళ్లు వాసన వచ్చినా అంతే. జాడీని మరిగే నీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

పులుపు మరీ ఎక్కువైంది

సగం తేట తీసేసి కొత్త గంజి పోయండి.

శివరాత్రి వెళ్లాక మళ్లీ కుండలోకి మారొచ్చు. మూలన పడున్న కుండని ముందు వేణ్నీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించండి.