పంక్ నుంచి పోస్ట్-పంక్‌కు మారాలంటే ముందు బేస్ గిటారు పట్టుకోండి

విశాఖలో పంక్ (వేగంగా, గట్టిగా సాగే రాక్ సంగీతం) వాయించే కుర్రవాళ్లు "పాట ఇంకా గాఢంగా వినిపించాలి, గిటారు ధ్వనిని మార్చే ఏ పెడల్ కొనాలి?" అని అడిగితే నేను ఎబ్బా గ్రోన్ వినమంటాను. 1977లో స్టాక్‌హోమ్ శివారులో పుట్టిన పంక్ బృందం అది. మొదట ముగ్గురే. తర్వాత కీబోర్డు వాయించే మనిషి చేరాడు. 1982లో బృందం పేరుతోనే వచ్చిన ఆల్బమ్‌లో చీకటి చిక్కబడింది. ఆ మరుసటి ఏడాది బృందం ముగిసింది, గాయకుడు టోస్ట్రోమ్ ఇంపేరియెత్ అనే మరో బృందంతో ముందుకు సాగాడు. ఎబ్బా గ్రోన్ తొలి ఆల్బమ్, ఈ 1982 ఆల్బమ్ వెంటవెంటనే వినండి. వాయిద్యాల మధ్య ఎంత ఖాళీ పెరిగిందో తెలుస్తుంది. పోస్ట్-పంక్ అంటే పంక్ నుంచే పుట్టిన శైలి; అందులో మీరు సాధించాల్సింది ఆ ఖాళీనే.

ఒక రోజంతా గిటారిస్టును పక్కన కూర్చోబెట్టండి. బేస్, డ్రమ్స్ మాత్రమే వాయించాలి. పంక్‌లో బేస్, మామూలు గిటారు వెనకే నడుస్తుంది. ఇప్పుడు రాగం బేస్‌దే. E మైనర్ స్కేలులో ఒక పాట తీసుకుని, సన్నని రెండు తీగల మీద 7వ ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డపట్టీ) దాటి వాయించండి. మధ్యమధ్య లావు తీగను వేలితో నొక్కకుండా మోగనివ్వండి. వేళ్లకు బదులు పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడితే స్వరానికి పదును వస్తుంది. గొంతు లేకుండా బేస్ ఒక్కటే విన్నా అది ఏ పాటో పోల్చుకోగలగాలి. అప్పటిదాకా గిటారు ముట్టుకోవద్దు.

తీగలకు మెరుపు ఉండాలి. మన ఊరి ఉప్పుగాలికి అవి త్వరగా తుప్పుపట్టి మొద్దుబారతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టండి. బీచ్ రోడ్డు వైపు ఇల్లయితే ఇది తప్పనిసరి.

డ్రమ్స్‌లో క్రాష్ సింబల్స్ (గట్టిగా మోగే తాళపు పళ్లేలు) తీసేసి టామ్స్ (స్వరమున్న డోళ్లు) మీద నడిపించండి. వేగం నిమిషానికి 180 దెబ్బల నుంచి 140కి దించండి.

ఇక గిటారు. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చేసే ఎఫెక్ట్) బాగా తగ్గించి, కొద్దిగా కోరస్ (ధ్వనిని జంటగా వినిపించే ఎఫెక్ట్) కలిపి, ఒకేసారి రెండు తీగలకు మించకుండా వాయించాలి. డిలే, అంటే ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా రావాలో, లెక్క కట్టుకోండి: నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లను 140తో భాగిస్తే సుమారు 428 మిల్లీసెకన్లు. అందులో ముప్పావు, అంటే 321, పెడితే ప్రతిధ్వని తాళంతో అల్లుకుంటుంది.

పాటలో మాటలు సగానికి తగ్గించి, గొంతు దించి పాడండి. తెలుగులోనే రాయండి. ఎబ్బా గ్రోన్ స్వీడిష్‌లోనే పాడింది. గాజువాకలో రాత్రి షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ మనిషి గురించి మీరు రాస్తే అది మీ పాటే అవుతుంది.

చివరగా ఫోను గది మధ్యలో పెట్టి రికార్డు చేయండి. అందులో గిటారే ముందు వినిపిస్తుంటే దాని వాల్యూమ్ తగ్గించి మళ్లీ వాయించండి.